ఉద్దానపు రైతులకు: పాత జీపును ఇంటివద్దనే కాపాడుకొను విధము
(రైతుల సభకొఱకు సిద్ధపఱచిన ఉపన్యాస పాఠము)



శ్రీకాకుళం జిల్లాలో పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి, కంచిలి మండలములలో సముద్రమువైపు వ్యాపించియున్న తోటల సీమకు ఉద్దానమని పేరు. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు ఈ సీమకు ప్రాణము. తోటలలోని బాటలు పెక్కు ఇసుక బాటలు. వానకాలమున గెడ్డలు పొంగును. తంపర, బీల నేలలలో నెలల తరబడి నీరు నిలుచును. ఇట్టి బాటలలో జీడిపిక్కల బస్తాలను, కొబ్బరికాయలను, ఎరువులను మోసికొనిపోవుటకు పనికివచ్చు మోటారు బండ్లలో జీపు ముఖ్యమైనది. నాలుగు చక్రములును లాగు బండి యగుటచేత సాధారణపు కారు కూరుకొనిపోవు చోటులలో నిది బయటపడగలదు.

పాత జీపు గల రైతు సాధారణముగా రెండు పొరపాట్లలో నొకదానిని చేయుచుండును. బండి కదలుచున్నంత కాలము దానివైపు చూడకుండుట మొదటిది. పైరంగునకును, సీట్లకును, ఇంజిను బలమునకును ధనము వెచ్చించి, బండి క్రింద నున్న గొట్టములను, కీళ్లను మఱచుట రెండవది. ఈ రెండవదియే యెక్కువ ప్రమాదకరము. ఏలయన సముద్రతీరమున పాత బండికి ముప్పు పైనుండి రాదు, క్రిందినుండి వచ్చును. కావున బండిని నడిపించు భాగములకంటె ముందుగా బండిని ఆపు భాగములను చూచుకొనవలెను. ఈ యుపన్యాసమునకు సారమిదియే. తక్కినదంతయు దీని వివరణము.

జీపు కట్టడము

1940లో అమెరికా సైన్యము తేలికగా నుండి నాలుగు చక్రములతో లాగు బండి కావలెనని తయారీదారుల నడిగెను. బాంటమ్ కంపెనీవారు మొదటి నమూనాను చేసిరి. 1941 మొదలు 1945 వఱకు విల్లీస్-ఓవర్‌లాండ్, ఫోర్డు కంపెనీలు రెండును కలిసి ఆఱు లక్షలకు పైగా జీపులను కట్టినవి. యుద్ధము ముగిసిన 1945లోనే విల్లీసువారు సేద్యపు పనులకు తగినదని చెప్పి పౌరులకొఱకు సిజె-2ఎ అను నమూనాను అమ్మ నారంభించిరి. మనదేశమున 1945లో స్థాపింపబడి 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా యను పేరు పొందిన సంస్థ 1947 మొదలుకొని విల్లీసు జీపు భాగములను తెప్పించి బొంబాయిలో కూర్చి అమ్మసాగెను. పిదప ఎత్తైన బోనెట్టు గల సిజె-3బి నమూనా మనదేశముననే తయారై చిరకాలము సాగెను. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ఆరంభమైన తరువాత బ్లాకు కార్యాలయపు జీపు పల్లెవాసులకు చిరపరిచితమయ్యెను.

జీపు కట్టడము మిక్కిలి సరళము. నిచ్చెనవలె రెండు పొడుగు దూలములు, వాటి నడుమ అడ్డుదూలములు గల ఇనుప చట్రము దీనికి ఆధారము. సిజె-3బి యొక్క పెట్రోలు ఇంజినులో నాలుగు సిలిండర్లు గలవు. వాని పరిమాణము 134 ఘనపుటంగుళములు, అనగా సుమారు 2,200 ఘన సెంటీమీటర్లు. గేరుబాక్సు వెనుక ట్రాన్స్‌ఫరు కేసు అను రెండవ పెట్టె యుండి, ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును బలమును పంచును. ఇందులో కంప్యూటరు లేదు. కంటికి కనబడని యంత్రము దాదాపుగా లేదు. పానాలు, జాకీ, గ్రీజు గన్ను, ఫీలరు గేజి చేత నున్న రైతు ఓర్పుతో చూచినయెడల ఈ బండి తన రోగమును తానే చెప్పును.

మూడు శత్రువులు

ఉద్దానమున జీపునకు శత్రువులు మూడు: ఉప్పు, ఇసుక, కదలిక లేకుండుట.

సముద్రపు గాలిలోని ఉప్పు తడిని పీల్చుకొని ఇనుముపై నిలుచును. నౌపడ ఉప్పు మళ్ల చుట్టుపట్ల గాలికి పెట్టిన ఇనుప గొళ్లెము ఎట్లు పొరలుపొరలుగా లేచునో చూచినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇసుక నూనెతో కలిసినయెడల సానరాయివలె పనిచేసి కీళ్లను అరగదీయును. ఇక మూడవది. జీడి కోత కాలమున నడచి, తక్కిన నెలలు పాకలో నిలిచియుండు బండి నిత్యము నడచు బండికంటె త్వరగా చెడును. బ్రేకు సిలిండర్లు పట్టుకొనిపోవును, పెట్రోలు జిగురగును, బ్యాటరీ చచ్చును, టైర్లు ఒకచోటనే నొక్కుకొని పగులును. వారమున కొకసారి యైనను నాలుగైదు మైళ్లు నడిపి, దారిలో పలుమార్లు బ్రేకు పట్టి చూడవలెను. ఊరక ఇంజినును ఐదు నిమిషములు ఆడించి ఆపుట చాలదు. అట్లు చేసినచో నూనె వేడెక్కక లోపల తడి మిగులును.

బండి క్రిందికి పోవుటకు ముందు

జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రిందికి దూరరాదు. ఉద్దానపు ఇసుక నేలలో జాకీ కాలు దిగబడి బండి ప్రక్కకు ఒరగుట సులభము. జాకీ క్రింద దళసరి పలకను వేయవలెను. బండిని లేపిన పిమ్మట చట్రము క్రింద గట్టి కలప దిమ్మలను పెట్టి, బండి వాటిపై నిలిచిన తరువాతనే క్రిందికి పోవలెను. ఇటుకలు, రాళ్లు పనికిరావు. బరువునకు అవి చెప్పకయే పగులును.

పాత జీపులో చేతిబ్రేకు చక్రములపై కాక, ట్రాన్స్‌ఫరు కేసు వెనుక నుండి పోవు కడ్డీపై పనిచేయును. కావున వెనుక చక్ర మొకటి నేలనుండి లేచినయెడల, చేతిబ్రేకు పట్టియున్నను బండి దొర్లగలదు. ఈ సంగతి తెలియక కాళ్లు నలిపించుకొనుట సంభవించును. నేలమీద నున్న చక్రములకు ముందు వెనుకల దిమ్మలు అడ్డుపెట్టుట తప్పనిసరి.

చక్రము ఊడదీయునపుడు మఱియొకటి గమనింపవలెను. అనేక పాత జీపులలో ఎడమప్రక్క చక్రముల నట్లకు ఎడమ మరలుండును. ఆంగ్లమున ఎల్ అను అక్షరము దానికి గుర్తు. అవి కుడివైపు త్రిప్పినచో వదులగును. ఇది యెఱుగక బలముకొలది త్రిప్పి బోల్టులను విఱుగగొట్టుకొనువారు పెక్కురు.

ఆపు భాగములు

పాత జీపు బ్రేకు పనిచేయు విధము నెఱిగినగాని దాని యపాయము బోధపడదు. కాలు త్రొక్కగానే నేలపలక క్రింద నున్న మాస్టరు సిలిండరు ద్రవమును సన్నని ఇనుప గొట్టములగుండ నాలుగు చక్రములకును త్రోయును. ఈ కాలపు కార్లలో ఈ మార్గము రెండుగా విభజింపబడి యుండును. ఒకటి చెడినను రెండవది సగమైనను ఆపును. పాత జీపులలో నున్న మార్గ మొక్కటియే. ఎక్కడ నొక చోట గొట్టము పగిలినను నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కసారిగా పోవును. పది బస్తాల జీడిపిక్కలతో, వెనుక ఇద్దరు కూలీలతో గెడ్డ వంతెనవైపు దిగుచున్న బండికి అట్టిది జరిగినచో ఫలమేమో ఊహింపవచ్చును. ఆ గొట్టములు ఉప్పుగాలికి అందునట్లు చట్రము వెంట, బురద తగులు చోటనే పోవుచుండును.

కావున పరీక్ష ఈ క్రమమున జరుగవలెను.

మొదట, బండి నిలిచియుండగా బ్రేకు పెడలును గట్టిగా త్రొక్కి ఒక నిమిషము పట్టియుంచవలెను. కాలు మెల్లమెల్లగా క్రిందికి దిగిపోయినచో ఎక్కడనో ద్రవము కారుచున్నదని అర్థము, లేదా మాస్టరు సిలిండరులోని రబ్బరు అరిగినది. త్రొక్కినకొలది మెత్తగా, స్పాంజివలె నుండినచో గొట్టములలో గాలి చేరినది. పలుమార్లు త్రొక్కిన పిదపగాని పట్టనిచో లైనర్లు అరిగి డ్రమ్మునకు దూరమైనవి.

రెండవది, మాస్టరు సిలిండరు మూత చుట్టును తుడిచి, తెఱచి, ద్రవమును చూడవలెను. ఇసుక రేణువొక్కటి లోనికి పడినను రబ్బరును కోయును గనుక తుడువక తెఱవరాదు. బ్రేకు ద్రవము గాలిలోని తడిని పీల్చుకొను స్వభావము గలది. సముద్రతీరమున ఏడాదికొకసారి పూర్తిగా మార్చుట మేలు. దానికి బదులు ఇంజిను నూనెగాని, కొబ్బరినూనెగాని పోయరాదు. అట్టి నూనె తగిలిన రబ్బరులు చెడి బ్రేకులు పట్టుకొనిపోవుటయో, ద్రవము కారుటయో జరుగును.

మూడవది, పగటి వెలుతురున బండి క్రిందికి పోయి ప్రతి గొట్టమును మొదలునుండి చివరవఱకు గుడ్డతో తుడుచుచు చేతితో తడవి చూడవలెను. చట్రమునకు గొట్టమును పట్టియుంచు బిళ్లల క్రింద తుప్పు దాగియుండును; బిళ్లను విప్పి చూడవలెను. గొట్టముపై పొరలు లేచినను, గుంటలు పడినను, తడి కనబడినను దానిని మార్చవలసినదే. చక్రముల వద్దను, వెనుక ఇరుసు వద్దను ఉండు రబ్బరు గొట్టములను వంచి చూచినయెడల పగుళ్లు బయటపడును.

గొట్టమును మార్చునపుడు బ్రేకులకని చేసిన ఉక్కు గొట్టమునే, చివరలు రెండు మడతలుగా విప్పారజేయించి వేయింపవలెను. అతుకు వేయుట, టంకము పెట్టుట, రబ్బరు గొట్టముతో ముడివేయుట, మామూలు రాగి గొట్టమును పెట్టుట ఇవి నాలుగును ప్రాణాపాయములు. ఈ యొక్క పని అనుభవము గల మేస్త్రీచేత చేయించుట ఉచితము. తరువాత గాలిని తీయుట మాత్రము ఇంట ఇద్దరు కలిసి చేసికొనవచ్చును. మాస్టరు సిలిండరునకు ఎక్కువ దూరమున నున్న వెనుక చక్రముతో నారంభించి, ఒకరు పెడలును త్రొక్కి పట్టియుండగా రెండవవారు చక్రమువద్ద నున్న చిన్న మరను వదులు చేసి, గాలిబుడగలు బయటికి పోయిన వెంటనే బిగింపవలెను. ఆ పిమ్మటనే మొదటివారు కాలు తీయవలెను. నడుమ నడుమ మాస్టరు సిలిండరులో ద్రవము తఱుగకుండ నింపుచుండవలెను.

డ్రమ్ములను విప్పినపుడు లోపలి ధూళిని నోటితో ఊదరాదు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాసు కలిసియుండును. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేయును. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను తడిగానే సంచిలో మూటగట్టి పాఱవేయవలెను. జీడిపిక్క పెంకునుండి తీయు నూనె బ్రేకు లైనర్ల తయారీలో వాడబడుచున్నదని ఉద్దానపు రైతు తెలిసికొనదగును. తన తోట పంటయే యొక రూపమున తన బండిని ఆపుచున్నది. అయినను ఆ లైనరుపై గ్రీజుగాని బ్రేకు ద్రవముగాని పడినచో అది పట్టుదప్పును. కడిగి వాడుటకంటె మార్చుటయే క్షేమము.

త్రిప్పు భాగములు

బ్రేకు తరువాత చూడవలసినది స్టీరింగు. ముందు చక్రమును లేపి, దిమ్మలపై నిలిపి, చక్రమును పైన క్రింద పట్టుకొని ఊపి చూడవలెను. కదలినచో బేరింగులుగాని, చక్రము తిరుగుటకు ఆధారమైన కింగు పిన్నులుగాని వదులైనవి. ఎడమ కుడుల పట్టి ఊపగా కదలినచో కడ్డీల చివరనున్న బంతి కీళ్లు అరిగినవి. ఇట్టి బండి తారు రోడ్డుపై వేగమందుకొనగానే ముందు చక్రములు వడవడ వణకును. టెక్కలి, పలాసల మీదుగా పోవు 16వ నంబరు జాతీయ రహదారిపై భారీ లారీల నడుమ అది జరిగినచో బండి చేతికి రాదు. స్టీరింగు కడ్డీ వంగినచో వేడిచేసి సాపు చేయించుటగాని, విఱిగినచో అతికించుటగాని తగదు, మార్చవలెను.

కందెన

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని పెద్దల మాట. ఎద్దుబండి ఇరుసునకు కందెన వేయక పొలమునకు పోని రైతు, జీపునకు మాత్రము ఏడాది పొడుగునను గ్రీజు పెట్టకుండుట విచిత్రము. స్టీరింగు కీళ్లు, కమాను పట్టీల షాకిళ్లు, తిరుగు కడ్డీల క్రాసులు మొదలైన వాటికి గ్రీజు పెట్టు చిన్న మొనలు గలవు. మొనను తుడిచిన తరువాతనే గన్ను పెట్టవలెను. లోపలి పాత గ్రీజు ఇసుకతో సహా బయటికి వచ్చు వఱకు క్రొత్తది ఎక్కించి, బయటికి వచ్చినదానిని తుడిచివేయవలెను. తుడువకున్నచో అదియే ఇసుకను పట్టుకొనును.

గేరుబాక్సునకు, ట్రాన్స్‌ఫరు కేసునకు, రెండు ఇరుసులకు ప్రక్కన నింపుడు బిరడాలు గలవు. బండి సమతలమున నున్నపుడు బిరడా విప్పి వ్రేలుపెట్టినచో నూనె రంధ్రపు అంచు వఱకు తగులవలెను. ఇరుసులపై గాలిపోవు చిన్న రంధ్రము బురదచే మూసికొనినచో వేడికి లోపలి గాలి ఉబ్బి నూనెను సీళ్లగుండ త్రోయును. ఆ నూనె బ్రేకు లైనర్లపై పడును. సూది మొనంత రంధ్రమును శుభ్రము చేయకుండుటవలన బ్రేకు పోవుట ఇట్లు సంభవించును.

గాలి, నీరు, ఇంధనము, నిప్పు

ఇంజినునకు కావలసినవి నాలుగు.

గాలి: పాత జీపులలో గాలిని వడగట్టు పాత్రలో నూనె పోసియుండును. ధూళి ఆ నూనెలో చిక్కుకొని అడుగున చేరును. ఇసుక బాటల నడచినపుడు దీనిని వారమునకొకసారి తెఱచి, బురదను తీసి, గుర్తు వఱకు క్రొత్త ఇంజిను నూనె పోయవలెను. దీనిని మఱచినచో ఇసుక సిలిండర్లలోనికి పోయి, ఇంజిను అకాలమున నీలిపొగ విడువసాగును.

నీరు: ఉప్పు రుచి గల బావినీటిని రేడియేటరులో పోయరాదు. లోపల సున్నపు పొర కట్టి, జీడి కోత కాలపు ఎండలలో ఇంజిను ఉడికిపోవును. ఆమ్లము లేని శుద్ధజలముతో తుప్పును నివారించు కూలెంటును కలిపి పోయుట శ్రేష్ఠము. అది దొరకనపుడు మొదటి వానలు గడచిన పిదప శుభ్రమైన పాత్రలో పట్టి గుడ్డతో వడగట్టిన వాననీరు బావినీటికంటె మేలు. వేడిగా నున్న రేడియేటరు మూతను తెఱచుట కన్నులకును ముఖమునకును అపాయము.

ఇంధనము: ఇప్పుడు బంకులలో అమ్మబడు పెట్రోలులో నూటికి 20 పాళ్ల వఱకు ఇథనాలు కలిసియుండును. ఇథనాలు తడిని పీల్చుకొనును. పాత కాలపు రబ్బరు గొట్టములను, కార్బురేటరులోని రబ్బరు పొరలను చెఱచును. ఇథనాలునకు తట్టుకొను గొట్టములను వేయించుకొనవలెను. నెలల తరబడి బండిని నిలుపవలసినచో పెట్రోలును ట్యాంకులో నిలువ యుంచక వాడివేయుట మంచిది. పెట్రోలు పంపువద్ద నున్న మడ్డి గిన్నెను నెలకొకసారి కడుగవలెను.

నిప్పు: ప్లగ్గు ఎడము అంగుళములో వెయ్యింట 30 వంతులు, డిస్ట్రిబ్యూటరు పాయింట్ల ఎడము వెయ్యింట 20 వంతులు ఉండునట్లు ఫీలరు గేజితో సరిచేయవలెను. సిలిండర్లు మండు వరుస 1, 3, 4, 2. ప్లగ్గు తీగలను తీసినపుడు ఈ వరుస తప్పరాదు. వానకాలపు ఉదయమున బండి కదలనిచో తఱచుగా డిస్ట్రిబ్యూటరు మూతలోని చెమ్మయే కారణము. పొడిగుడ్డతో తుడిచి చూచిన పిదపనే తక్కిన కారణములను వెదకవలెను. డీజిలు ఇంజిను గల జీపులకు ప్లగ్గులు, పాయింట్ల పని లేదు. వాటికి డీజిలు ఫిల్టరులోని నీటిని తీయుట ముఖ్యము.

పొగ రంగు రోగమును చెప్పును. నల్లపొగ ఇంధనము ఎక్కువైనదనుటకు, నీలిపొగ నూనె మండుచున్నదనుటకు, వేడెక్కిన తరువాతను ఆగని తెల్లపొగ నీరు సిలిండరులోనికి పోవుచున్నదనుటకు గుర్తు.

తుప్పు

పండిన జీడిపండ్ల రసము, చేపల బుట్టల నీరు, ఎరువుల పొడి, ఉప్పు ఇవి నేలపలకపై పడి మూలలలో చేరును. బరువు దించిన నాడే మంచినీటితో కడిగి, నీరు పోవు రంధ్రములను పుల్లతో తెఱచి, ఎండలో ఆరనీయవలెను. చట్రపు అడ్డుదూలముల లోపల పేరుకొన్న మట్టిని గోకి తీయవలెను. సుత్తితో మెల్లగ తట్టగా గట్టి ఇనుము గణగణలాడును. తిన్న ఇనుము చప్పగా పలుకును. పై తుప్పును తీగబ్రష్షుతో తీసి, రెడాక్సైడు పూసి, ఆరిన పిదప రంగు వేయవలెను. తుప్పు తీయక పైన రంగు వేయుట పుండును తుడువక కట్టు కట్టుటతో సమానము. చట్రమే తిన్నచో దానిని నేర్పరి యైన వెల్డింగు పనివానికి చూపవలెను. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పి, పెట్రోలు ట్యాంకును దించి దూరముగ నుంచవలెను.

పాత ఇంజిను నూనెను బండి క్రింద చిమ్ముట కొందఱి వాడుక. అది రబ్బరు భాగములను చెఱచును, ఇసుక నేలలో ఇంకి బావినీటిని పాడుచేయును. పాత నూనెను డబ్బాలో పట్టి, దానిని సేకరించువారికి ఇచ్చుటయే తగినది.

ఇసుకలో నడుపుట

ఇసుకలోనికి దిగుటకు ముందుగానే ముందు ఇరుసును కలుపవలెను. కూరుకొనిన పిదప కలుపుట ఆలస్యము. టైర్లలో గాలిని కొంత తగ్గించినచో అవి వెడల్పై ఇసుకపై తేలును. చక్రములు తిరుగుచు బండి కదలనిచో ఆపి, ఇసుక తీసి, కొబ్బరిమట్టలు పఱచుట మేలు. గట్టి రోడ్డెక్కగానే ముందు ఇరుసును విడదీయవలెను, గాలిని మరల నింపవలెను. పొడి తారు రోడ్డుపై ముందు ఇరుసు కలిపి నడిపినచో ట్రాన్స్‌ఫరు కేసు, క్రాసులు మెలిబడి విఱుగును. సముద్రపుటొడ్డున నడుపుట బండికి ఉప్పునీటి స్నానము. ఒడ్డున గ్రుడ్లు పెట్టు తాబేళ్లకును అది హాని.

చట్టమును గూర్చి

సొంత వాడుక బండి రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు చెల్లును. పిదప బండిని పరీక్ష చేయించి ఐదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము 50 ఏండ్లు దాటి, మూలరూపమున నిలిచియున్న బండ్లకు వింటేజి రిజిస్ట్రేషనును ఏర్పఱచినది. కాని ఆ రిజిస్ట్రేషను పొందిన బండిని ప్రదర్శనములకు, ర్యాలీలకు, అట్టి కార్యములకే రోడ్డుపై నడుపవలెను. నిత్యపు పనికిగాని కిరాయికిగాని నడుపరాదు. తోటపనికి జీపును వాడు రైతు గౌరవమునకు ఆశపడి దానిని కోరుట తగదు.

తుపాను కాలము, పని చేయవలసిన వేళ

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చేరువ తీరము దాటెను. ఉద్దానపు కొబ్బరి, జీడి చెట్లు వేలకొలది కూలినవి. అది శరన్నవరాత్రులు ఆరంభమైన మఱునాడు. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటినది కూడ అక్టోబరు 12వ తేదీన, నవరాత్రులలోనే. రైతులు బండ్లకు ఆయుధపూజ చేయు దినములును, తీరమునకు తుపాను ముప్పు ఎక్కువగ నుండు దినములును ఇట్లు ఒక్కటియై యున్నవి.

కావున జీపు పనిని రైతు తన పంచాంగమునకు ముడివేసికొనవలెను. ప్రతి అమావాస్యనాడు నూనె, నీరు, బ్రేకు ద్రవము, టైర్ల గాలి, గ్రీజు. ఫాల్గుణమున, జీడి కోతకు ముందు, రేడియేటరు, ఫ్యాను బెల్టు, క్లచ్చి. జ్యేష్ఠమున, తొలకరికి ముందు, చట్రపు తుప్పు, రంగు, వైపర్లు, దీపముల తీగలు. భాద్రపదమున, మహాలయ అమావాస్య లోపల, పైని చెప్పిన బ్రేకుల పరీక్ష యంతయు, స్టీరింగు, అదనపు టైరు. ఇంధనమును నింపి, లాగుడు త్రాడు, పలకలు, రంపము బండిలో నుంచవలెను. తుపాను హెచ్చరిక విన్నంతనే బండిని కొబ్బరి, పనస చెట్ల క్రిందినుండి మెరక స్థలమునకు తరలింపవలెను.

వరదనీరు ఇరుసులను ముంచిపోయినచో ఇంజినును త్రిప్పి చూడరాదు. మొదట నూనెలను పరీక్షింపవలెను. పాలవలె తెల్లగా మాఱినచో నీరు కలిసినది. ఇంజిను, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫరు కేసు, ఇరుసుల నూనెలన్నియు మార్చి, డ్రమ్ములు విప్పి ఆరబెట్టి, బ్రేకులను పరీక్షించిన తరువాతనే బండి కదలవలెను.

తుపాను మఱునాడు ప్రసవవేదన పడు స్త్రీనో, గాయపడిన వృద్ధునో పలాస ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినచో, కూలిన చెట్ల ప్రక్కగా తోటల నడుమనుండి పోగల బండి ఊరికి ఈ పాత జీపే కావచ్చును. ఆనాడు దాని పైరంగు నెవ్వరును చూడరు. కదలవలసినచోట కదలుటయు, ఆగవలసినచోట ఆగుటయు చాలును. ఆయుధపూజనాడు బోనెట్టుపై కుంకుమబొట్టు పెట్టు రైతు, అంతకుముందే ఒక పూట ఆ బండి క్రింద వెల్లకిల పరుండి బ్రేకు గొట్టములను చేతితో తడవి చూచియుండవలెను. ఆ పూజకు ముందు జరుగవలసిన అసలు పూజ అదియే.